డ్రైవర్ లాగ్‌లో "కమాండ్ ఫెయిల్డ్, -5" తప్ప ఏమీ కనపడట్లేదు: ఏం ప్రింట్ చేయాలి, ఎక్కడ చేయాలి?

మెయిల్‌బాక్స్64:

లైనక్స్ 6.6 మీద నడిచే అవుట్-ఆఫ్-ట్రీ (కెర్నల్ సోర్స్‌లో భాగం కాని) పీసీఐఈ డ్రైవర్ ఇది. కార్డు మీద ఎఫ్‌పీజీఏ (మళ్లీ ప్రోగ్రామ్ చేసుకోగల చిప్), 4 క్యూలు, ఒక్కో క్యూలో 64 కమాండ్లు పడతాయి. కమాండ్ 64 బైట్లు, కంప్లీషన్ (పని ముగిశాక కార్డు రాసే జవాబు) 16 బైట్లు. కంప్లీషన్ ఫార్మాట్ ఎన్‌విఎంఈ (ఎస్‌ఎస్‌డీల ప్రమాణం) చూసి పెట్టినదే: ఆఖరి డబుల్‌వర్డ్‌లో కింది 16 బిట్లు కమాండ్ ఐడీ, పై 16 బిట్లలో అన్నిటికన్నా కింద ఫేజ్ బిట్ (ఎంట్రీ కొత్తదా పాతదా చెప్పేది), దాని పైన 15 బిట్ల స్టేటస్.

స్టేటస్ సున్నా కాకపోతే కంప్లీషన్ కోడ్ ఈఐఓ (ఐఓ ఎర్రర్, అంకెలో -5) తిరిగిస్తుంది. చాలా పైన ఉన్న ఐఓసీటీఎల్ (యూజర్ ప్రోగ్రాములు డ్రైవర్‌ని పిలిచే దారి) ఫంక్షన్ దాన్ని చూసి ఒక లైను రాస్తుంది. సైటు నుంచి వచ్చే డీమెస్గ్‌లో (కెర్నల్ లాగ్‌లో) అదే లైను పదులసార్లు:

కార్డ్0: కమాండ్ ఫెయిల్డ్, రెట్=-5

ఏ కమాండో తెలియదు. కార్డే కాదన్నదో, టైమౌట్ అయిందో కూడా తెలియదు, ఎందుకంటే టైమౌట్‌కీ ఇదే లైను. డెవ్_ఎర్ (ఎర్రర్ లైను రాసే ఫంక్షన్) కాల్స్ అన్ని చోట్లా చల్లేస్తే లాగ్ నిండిపోతుందని ఆగాను. ఒక ఫెయిలైన కమాండుకి అసలు ఏమేం రాయాలి, ఎర్ లెవెలా వార్న్ లెవెలా, వరద రాకుండా ఎలా ఆపాలి?

ఫేజ్‌బిట్:

-5 అయ్యేటప్పటికే మీ సమాచారం పోయింది. 15 బిట్ల స్టేటస్‌ని ఒక్క అంకెలోకి కుదించాక పైనున్న ఫంక్షన్ ఎంత వివరంగా రాసినా ప్రయోజనం లేదు. ప్రింట్‌ని కిందికి దించండి: రీట్రై చేయాలా వద్దా అని తేల్చేసి, కమాండ్‌ని ముగించే ఫంక్షన్ ఒకటి ఉంటుంది కదా, అక్కడికి. ఆప్‌కోడ్ (ఏ రకం కమాండో చెప్పే అంకె), ట్యాగ్ (క్యూలో ఆ కమాండ్ నంబరు), క్యూ నంబరు, ముడి స్టేటస్, ఎన్నోసారి ప్రయత్నమో, అన్నీ ఒకేసారి చేతిలో ఉండేది ఆ ఒక్క చోటే. ఈఐఓగా మార్చడం దాని తర్వాతి లైను. ఐఓసీటీఎల్‌లో ఉన్న పాత ప్రింట్ తీసేయండి, లేకపోతే ఒక తప్పుకి రెండు లైన్లు వస్తాయి.

మీరు ఫార్మాట్ తీసుకున్న ఎన్‌విఎంఈ డ్రైవర్‌కే ఈ జబ్బు ఉండేది. కెర్నల్ 5.18 ముందు వరకూ బ్లాక్ లేయర్ రాసే సెక్టార్ నంబరు, ఐఓ ఎర్రర్ అన్న మాట, అంతే. 5.18లో ఎన్‌విఎంఈ_లాగ్_ఎర్రర్ అనే ఫంక్షన్ వచ్చాక లైను ఇలా మారింది:

ఎన్‌విఎంఈ0ఎన్1: రీడ్(2) @ ఎల్‌బీఏ 1523200, 8 బ్లాక్స్, అన్‌రికవర్డ్ రీడ్ ఎర్రర్ (ఎస్‌సీటీ 2 / ఎస్‌సీ 81) డీఎన్ఆర్

ఎల్‌బీఏ అంటే డిస్క్ బ్లాక్ నంబరు, ఎస్‌సీటీ, ఎస్‌సీ అంటే స్టేటస్ టైప్, కోడ్. మాటలూ ఉన్నాయి, ముడి అంకెలూ ఉన్నాయి. రెండూ ఉండాలి. మాటల పట్టిక తప్పయినా, ఫర్మ్‌వేర్ కొత్త కోడ్ పంపినా, అంకె అబద్ధం చెప్పదు.

స్టేటస్ విప్పేటప్పుడు ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. పై లైను తాలూకు స్టేటస్ హెక్స్‌లో 4281. కింది 8 బిట్లు కోడ్, అంటే 81. 8 నుంచి 10 వరకు బిట్లు టైప్, అంటే 2, మీడియా తప్పుల తరగతి. 14వ బిట్ డీఎన్ఆర్: మళ్లీ ప్రయత్నించినా ఇదే ఫలితం, ప్రయత్నించకు అని కార్డు చెప్పడం. ఇది ఫేజ్ బిట్‌ని కుడివైపుకి ఒక బిట్ జరిపి పారేశాక వచ్చే విలువ. జరపడం మర్చిపోతే అదే తప్పు ఒకసారి 8502గా, ఇంకోసారి 8503గా కనపడుతుంది, క్యూ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఫేజ్ మారుతుంది కాబట్టి. రెండు వేరే తప్పులనుకుని వెతుకుతారు. దాన్ని అలాగే విప్పితే టైప్ 5, కోడ్ 2 లేదా 3 అని వస్తుంది, డీఎన్ఆర్ బిట్ సున్నా అయిపోతుంది. అంటే లాగ్ తప్పడమే కాదు, మీ రీట్రై కోడ్ కూడా ఆశలేని కమాండ్‌ని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. స్టేటస్‌ని ఒక్క చోట, లిటిల్ ఎండియన్ (కింది బైటు ముందుండే వరస) నుంచి మార్చిన వెంటనే జరిపి, ఆ విలువనే అన్ని చోట్లా వాడండి.

మాటల పట్టిక ఆప్‌కోడ్‌లకి ఒకటి, స్టేటస్‌లకి ఒకటి. ఇండెక్స్‌లో కోడ్ పెట్టి నింపే అరేలో మధ్యలో ఖాళీలుంటాయి. ఇండెక్స్ అరే పొడవు లోపలే ఉందా అని చూడటం సరిపోదు, అక్కడున్న పాయింటర్ నల్ కాదని కూడా చూడాలి. రెండో చెక్ లేకపోతే తెలియని కోడ్ వచ్చిన రోజు లాగ్‌లో కనపడేది బ్రాకెట్లలో నల్ అన్న మాటే.

డోర్‌బెల్:

పైదానికి చేర్చాల్సినవి రెండు. ఒకటి, సమయం. కమాండ్ పంపేటప్పుడు కేటైమ్_గెట్ విలువ రిక్వెస్ట్‌లో దాచి, తేడాని లైనులో రాయండి. మైక్రోసెకన్లలో తిరిగొచ్చిన ఎర్రర్ సాధారణంగా ఫర్మ్‌వేర్ ఆర్గ్యుమెంట్ చూసే కాదన్నది. సెకన్లు పట్టి వచ్చిందంటే లోపల ఏదో ప్రయత్నించి ఓడిపోయింది. స్టేటస్ కోడ్ ఒకటే అయినా వెతకాల్సిన చోటు వేరు.

రెండు, యూనిట్లు. ఎన్‌విఎంఈలోనే చూడండి: డ్రైవర్ లైనులో ఎల్‌బీఏ 1523200 అని ఉంటుంది, దాని కిందే బ్లాక్ లేయర్ లైనులో సెక్టార్ 12185600 అని ఉంటుంది. డిస్క్ ఫార్మాట్ 4096 బైట్లు, బ్లాక్ లేయర్ సెక్టార్ ఎప్పుడూ 512 బైట్లు, కాబట్టి 8 రెట్లు తేడా. తెలియనివాళ్లు రెండు చోట్ల పాడయిందనుకుంటారు. మీ లైనులో ఆఫ్‌సెట్ రాస్తే అది బైట్లా బ్లాకులా అన్నది పక్కనే రాయండి.

లెవెల్ విషయానికొస్తే, ఒక కమాండ్ చివరికి ఓడిపోతే ఎర్, ఒక్క లైను. మధ్యలో రీట్రై అయినవి డీబగ్. మూడోసారికి గెలిచిన కమాండ్‌కి లైను అక్కర్లేదు, కౌంటర్ పెరిగితే చాలు. ప్రోబ్‌లో (డ్రైవర్ కార్డుని మొదట పట్టుకునే ఫంక్షన్‌లో) మాత్రం డెవ్_ఎర్ బదులు డెవ్_ఎర్_ప్రోబ్ వాడండి. క్లాకో రెగ్యులేటరో ఇంకా రాక ప్రోబ్ వాయిదా పడితే అది ఎర్రర్‌గా కాక డీబగ్‌గా రాస్తుంది, కారణాన్ని డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని (కెర్నల్ డీబగ్ ఫైళ్లుండే చోటు) డివైసెస్_డిఫర్డ్ ఫైల్‌లో ఉంచుతుంది. రిటర్న్ కోడ్ ప్రింట్ చేయక తప్పని చోట శాతం గుర్తు పీ ఈ వాడితే -5 బదులు ఈఐఓ అనే పేరే పడుతుంది. దానికి కెర్నల్ కాన్ఫిగ్‌లో సింబాలిక్_ఎర్‌నేమ్ ఆన్ అయి ఉండాలి.

మెయిల్‌బాక్స్64:

జరపడం గురించి చెప్పింది సూటిగా తగిలింది, నా కోడ్‌లో రెండు చోట్ల జరుపుతున్నా, మూడో చోట లేదు.

ఇంకో చిక్కు. మా యూజర్‌స్పేస్ టూల్ స్టార్ట్ అవగానే ఐఓసీటీఎల్ పాస్‌త్రూ (కమాండ్‌ని నేరుగా కార్డుకి పంపే దారి) ద్వారా ఐచ్ఛిక కమాండ్లు కొన్ని ప్రయత్నిస్తుంది. పాత ఫర్మ్‌వేర్ వాటికి ఇన్‌వాలిడ్ ఆప్‌కోడ్ అంటుంది. అది తప్పు కాదు, అలా అడిగి తెలుసుకోవడమే పద్ధతి. టూల్ తెరిచినప్పుడల్లా అయిదారు ఎర్రర్ లైన్లు పడితే ఆపరేటర్లు కార్డు పోయిందంటారు.

వరద విషయం కూడా: 256 కమాండ్లు ఎగురుతుండగా కార్డు చస్తే డెవ్_ఎర్_రేట్‌లిమిటెడ్ సరిపోతుందా?

ఫేజ్‌బిట్:

పాస్‌త్రూ గొడవ ఎన్‌విఎంఈకి సరిగ్గా ఇలాగే తగిలింది. వివరమైన లాగ్ వచ్చాక, యూజర్‌స్పేస్ పంపే సపోర్ట్ లేని కమాండ్లన్నీ కెర్నల్ లాగ్‌లో ఎర్రర్లుగా పడటం మొదలైంది. తర్వాత పాస్‌త్రూ కమాండ్లని నిశ్శబ్దం చేశారు, కావాలన్నవాళ్లు ఆన్ చేసుకోవడానికి సిస్‌ఎఫ్‌ఎస్‌లో (డ్రైవర్ సెట్టింగులు ఫైళ్లుగా కనపడే చోటు) పాస్‌త్రూ_ఎర్_లాగ్_ఎనేబుల్డ్ అనే ఫైలు ఇచ్చారు. మీరూ అంతే చేయండి: రిక్వెస్ట్‌లో క్వయట్ అని ఒక ఫ్లాగ్, పాస్‌త్రూ దారిలో వచ్చినవాటికి అది డీఫాల్ట్‌గా ఆన్. టూల్‌కి ముడి స్టేటస్‌ని ఐఓసీటీఎల్ స్ట్రక్చర్‌లోనే తిరిగివ్వండి, ఎర్రర్ చెప్పాలా వద్దా అన్నది టూల్ చూసుకుంటుంది. ఇంకో కారణం కూడా ఉంది: డివైస్ ఫైల్ తెరవగలిగిన ఏ ప్రోగ్రామైనా లూప్‌లో చెత్త కమాండ్లు పంపి మీ లాగ్‌ని ముంచేయగలదు.

రేట్‌లిమిట్ డీఫాల్ట్ 5 సెకన్లకి 10 లైన్లు. డెవ్_ఎర్_రేట్‌లిమిటెడ్‌తో ఇబ్బంది ఏమిటంటే, ఆ లెక్క ఉంచే స్టాటిక్ వేరియబుల్ కాల్ రాసిన చోటుకి ఒకటి, కార్డుకి ఒకటి కాదు. ఒక మెషీన్‌లో నాలుగు కార్డులుండి ఒకటి గోల పెడితే, ఆ పది లైన్లూ అదే తినేస్తుంది. నిజంగా కొత్తగా పాడవుతున్న రెండో కార్డు లైను కనపడకుండా పోతుంది. రేట్‌లిమిట్_స్టేట్‌ని మీ డివైస్ స్ట్రక్చర్‌లో పెట్టుకుని, ప్రోబ్‌లో ఇనిట్ చేసి, ప్రింట్‌కి ముందు దాన్నే అడగండి. కౌంటర్ పెంచడం మాత్రం రేట్‌లిమిట్ చెక్‌కి ముందు ఉండాలి. తర్వాత పెట్టి లైన్లతో పాటు లెక్క కూడా పోగొట్టుకున్న డ్రైవర్లు కోకొల్లలు.

కార్డు చచ్చినప్పుడు 256 లైన్లు అసలు వద్దు. 115200 బాడ్ సీరియల్ కన్సోల్ మీద ఒక అక్షరానికి 10 బిట్లు, సెకనుకి 11520 అక్షరాలు. 120 అక్షరాల లైను ఒకటి పోవడానికి 10 మిల్లీసెకన్ల పైమాట, 256 లైన్లకి రెండున్నర సెకన్లు దాటుతుంది. ఆ ప్రింట్లు ఇంటరప్ట్ దారిలో జరిగితే ఆ సీపీయూ అంతసేపూ అక్కడే చిక్కుకునే అవకాశం ఉంది. రీసెట్ వల్ల రద్దయిన కమాండ్లకి విడివిడిగా రాయకండి. రీసెట్ ఫంక్షన్ చివర ఒక్క లైను: ఏ కారణంతో రీసెట్, ఏ క్యూలో ఎన్ని రద్దు. మొదట చచ్చిన కమాండ్ లైను దానికి పైన ఉంటే చాలు, మిగతా 255 దాని వెనకే పోయినవి.

క్యూహెడ్:

టైమౌట్ గురించి ఎవరూ రాయలేదు, ప్రశ్నలో సగం అదే.

టైమౌట్ అన్నది ఎర్రర్ కాదు, ఇంకా ఏమీ తెలియకపోవడం. హ్యాండ్లర్ ముందు తెలుసుకుని ఆ తర్వాత రాయాలి. వరసగా మూడు చూడండి.

మొదట కార్డు రిజిస్టర్ ఒకటి చదవండి, ఎప్పటికీ అన్నీ ఒకట్లు కాలేనిది, వెర్షన్ రిజిస్టర్ లాంటిది. అన్నీ ఎఫ్‌లు వస్తే కార్డు ఎంఎంఐఓకి (మెమరీ అడ్రసుల ద్వారా రిజిస్టర్లు చదవడానికి) పలకట్లేదు. అప్పుడు పీసీఐ కాన్ఫిగ్ స్పేస్‌లోని స్టేటస్ రిజిస్టర్ కూడా చదివి రెండూ రాయండి. ఎన్‌విఎంఈ డ్రైవర్ కంట్రోలర్ ఈజ్ డౌన్ అని రాసేటప్పుడు సీఎస్‌టీఎస్ (కంట్రోలర్ స్టేటస్ రిజిస్టర్), పీసీఐ_స్టేటస్ రెండూ పక్కపక్కన రాసేది ఇందుకే. సీఎస్‌టీఎస్ ఎనిమిది ఎఫ్‌లు, పీసీఐ_స్టేటస్ నాలుగు ఎఫ్‌లు అయితే కార్డు పీసీఐ బస్ మీదే లేదు: లింక్ పడిపోయింది, పవర్ పోయింది, స్లాట్‌లో కదిలింది. పీసీఐ_స్టేటస్ హెక్స్ 10 అని వచ్చిందంటే కాన్ఫిగ్ స్పేస్ పలుకుతోంది, అది క్యాపబిలిటీ లిస్ట్ ఉందని చెప్పే మామూలు బిట్. అప్పుడు అనుమానించాల్సింది పవర్ స్టేట్‌నో, కార్డు తనంతట తాను రీసెట్ అయి బార్‌లు (కార్డు మెమరీ అడ్రసులుండే రిజిస్టర్లు), మెమరీ ఎనేబుల్ బిట్ పోగొట్టుకోవడాన్నో. ఎఫ్‌పీజీఏ కార్డుల్లో ఈ రెండోది తరచుగా చూస్తాం.

రిజిస్టర్ బాగానే చదివితే, కంప్లీషన్ క్యూ మెమరీని మీరే ఒకసారి పోల్ చేయండి. కంప్లీషన్ అక్కడ కూర్చుని ఉంటే కార్డు పని పూర్తిచేసింది, ఇంటరప్ట్ రాలేదు. ఎన్‌విఎంఈ దీనికి వేరే మాట పెట్టింది, టైమౌట్, కంప్లీషన్ పోల్డ్ అని. ఈ లైను కనపడితే ఫర్మ్‌వేర్ వాళ్లతో కమాండ్ గురించి వాదించక్కర్లేదు, ప్రోక్ ఇంటరప్ట్స్‌లో ఆ క్యూ ఎంఎస్ఐ-ఎక్స్ వెక్టర్ (ఇంటరప్ట్) లెక్క కదులుతోందా అని చూడాలి.

రెండూ కాకపోతేనే నిజమైన టైమౌట్. అప్పుడు క్యూ హెడ్, టెయిల్, ప్రస్తుత ఫేజ్, ఆఖరుసారి డోర్‌బెల్‌కి (కొత్త కమాండ్ ఉందని కార్డుకి చెప్పే రిజిస్టర్‌కి) రాసిన విలువ, ఆ క్యూలో ఇంకా తేలనివి ఎన్ని, ఇవి రాయండి. ఇదంతా రీసెట్‌కి ముందే. రీసెట్ చేశాక చదివితే రిజిస్టర్లన్నీ శుభ్రంగా కనపడతాయి, అంతా బాగానే ఉందని లాగ్ చెబుతుంది.

ఒక్క లైనులో పట్టని స్నాప్‌షాట్ ఉంటే లాగ్‌లో హెక్స్ డంప్ పోయకుండా డెవ్_కోర్‌డంప్‌వీకి ఇవ్వండి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో క్లాస్ డెవ్‌కోర్‌డంప్ కింద ఫైల్‌గా వస్తుంది. 5 నిమిషాల్లో ఎవరూ చదవకపోతే కెర్నల్ దాన్ని పారేస్తుంది, కాబట్టి సైటులో దాన్ని ఎత్తి డిస్క్‌లో పెట్టే యూడెవ్ (డివైస్ కనపడగానే పని నడిపే సర్వీస్) రూల్ ఒకటి ఉండాలి.

ఇంకొకటి, కమాండ్ ఐడీ. టైమౌట్ అయిన ట్యాగ్‌ని మీరు వెంటనే ఇంకో కమాండ్‌కి ఇచ్చేస్తే, పాత కంప్లీషన్ ఆలస్యంగా వచ్చి కొత్త కమాండ్ మీద పడుతుంది. లాగ్‌లో చూస్తే ఏ పాపం తెలియని కమాండ్ ఫెయిలైనట్టు ఉంటుంది. ఎన్‌విఎంఈ డ్రైవర్ 16 బిట్ల ఐడీలో 12 ట్యాగ్‌కి, 4 జనరేషన్ కౌంటర్‌కి (ట్యాగ్ మళ్లీ వాడిన ప్రతిసారీ పెరిగేది) వాడుతుంది. మీ క్యూ 64 కాబట్టి ట్యాగ్‌కి 6 బిట్లు చాలు, 10 బిట్లు జనరేషన్‌కి మిగులుతాయి. లైనులో ట్యాగ్ విడిగా, పూర్తి ఐడీ విడిగా రాయండి. జనరేషన్ కలవకపోతే ఆ కంప్లీషన్‌ని వదిలేసి, వదిలేశామని ఒక లైను రాయండి.

డోర్‌బెల్:

క్యూహెడ్ గారూ, హెక్స్ డంప్ మీద కొంచెం తేడా ఉంది. కమాండ్ 64 బైట్లే కదా, శాతం గుర్తు, నక్షత్రం, పీ హెచ్ అన్న ఫార్మాట్‌తో 64 బైట్ల దాకా ఒకే లైనులో వస్తుంది. ఫెయిలైన కమాండ్ మొత్తం ఉంటే ఫర్మ్‌వేర్ వాళ్లకి ఇంకో ప్రశ్న అడిగే పనే ఉండదు.

క్యూహెడ్:

64 బైట్లకి ఖాళీలతో కలిపి 191 అక్షరాలు. డీఫాల్ట్ కెర్నల్ లాగ్ బఫర్ 128 కేబీ, 120 అక్షరాల లైన్లయితే వెయ్యి చిల్లర పడతాయి. దానికి 191 కలిపితే నాలుగు వందల చిల్లరే పడతాయి. అంతకన్నా ముఖ్యం, ఆ 64 బైట్లలో డీఎంఏ అడ్రసులు (కార్డు నేరుగా చదివే, రాసే మెమరీవి) ఉంటాయి, కొన్ని ఆప్‌కోడ్‌లలో పాస్‌వర్డో కీనో నేరుగా ఉండొచ్చు. డీమెస్గ్‌ని జనం ఎక్కడపడితే అక్కడ పేస్ట్ చేస్తారు. పూర్తి కమాండ్‌ని ట్రేస్‌పాయింట్‌లో (ఆన్ చేసినప్పుడే రికార్డయ్యే చోట) పెట్టండి, లేదా డెవ్_డీబీజీ కింద పెట్టి డైనమిక్ డీబగ్‌తో సైటులో ఆ మాడ్యూల్‌కి మాత్రం ఆన్ చేయించండి. రీకంపైల్ అక్కర్లేదు, రీబూట్ అక్కర్లేదు. పాయింటర్‌ని మామూలు శాతం పీతో ప్రింట్ చేస్తే 4.15 నుంచి హ్యాష్ అయిన విలువే పడుతుంది, దాన్ని నిజం అడ్రస్ అనుకుని ఫర్మ్‌వేర్ లాగ్‌తో పోల్చి చూడకండి.

డోర్‌బెల్:

కీల సంగతి ఒప్పుకుంటాను. మొదటి 16 బైట్లు మాత్రం, అవి హెడర్ అయితే, లైనులో ఉంచమంటాను.

ఫేజ్‌బిట్:

ఇదంతా రాశాక పరీక్షించడం మర్చిపోకండి. ఎర్రర్ దారి కోడ్ మామూలుగా నడవదు, అందుకే అందులో తప్పులు మొదట సైటులోనే బయటపడతాయి. ఎన్‌విఎంఈకి డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ఫాల్ట్_ఇంజెక్ట్ అనే డైరెక్టరీ ఉంది: ప్రాబబిలిటీ, టైమ్స్, స్టేటస్, డోంట్_రీట్రై అన్న ఫైళ్లు. టైమ్స్‌లో 1, ప్రాబబిలిటీలో 100 రాసి, స్టేటస్‌లో కావలసిన కోడ్ పెట్టి, ఒక రీడ్ చేస్తే చాలు. మీ డ్రైవర్‌లో ఇది పెట్టడానికి పెద్ద పని లేదు: డిక్లేర్_ఫాల్ట్_ఆట్ర్, ఫాల్ట్_క్రియేట్_డీబగ్‌ఎఫ్‌ఎస్_ఆట్ర్, కంప్లీషన్‌లో షుడ్_ఫెయిల్ అని ఒక చెక్. పరీక్షించేటప్పుడు కనీసం ఈ నాలుగు విలువలు పెట్టండి: పట్టికలో ఉన్న కోడ్, పట్టిక మధ్యలో ఖాళీ ఉన్న కోడ్, పట్టిక దాటిన కోడ్, డీఎన్ఆర్ ఉన్నది.

13వ బిట్, మోర్ బిట్, మీ ఫర్మ్‌వేర్ వాడుతుంటే అది కూడా. ఎన్‌విఎంఈలో దాని అర్థం, ఈ తప్పు గురించి ఎర్రర్ ఇన్ఫర్మేషన్ లాగ్ పేజీలో ఇంకా వివరం ఉందని. అక్కడ ఒక్కో ఎంట్రీ 64 బైట్లు, ఏ ఫీల్డ్‌లో ఏ బైటు తప్పో కూడా అందులో ఉంటుంది. మీ కార్డులో అలాంటిది ఉంటే దాన్ని ఇంటరప్ట్ నుంచి కాదు, వర్క్‌క్యూ (ఇంటరప్ట్ బయట తర్వాత నడిచే పనుల వరస) నుంచి చదవండి. ఆ చదివే కమాండ్‌కి క్వయట్ ఫ్లాగ్ తప్పనిసరి. లేకపోతే అది ఫెయిలై, దానికీ మోర్ బిట్ వచ్చి, దాన్ని చదవడానికి ఇంకోటి వెళ్లి, ఇక ఆగదు.

మెయిల్‌బాక్స్64:

ఇప్పటికి ఈ రూపానికి వచ్చాను, చూసి చెప్పండి:

కార్డ్0: క్యూ2 ట్యాగ్ 17 ఐడీ 1451 రైట్‌టేబుల్(21) ఆఫ్‌సెట్ 8192 పొడవు 4096 ఇన్‌వాలిడ్ ఫీల్డ్ (4002) డీఎన్ఆర్ రీట్రై 0 సమయం 38

అయిదు వేరువేరు ఫీల్డుల్ని పీఆర్_కాంట్‌తో ఒకదాని వెనక ఒకటి అతికిస్తున్నాను. టైమౌట్‌కి వేరే లైను, రీసెట్‌కి వేరే లైను పెట్టాను. ఐడీని ట్యాగ్ కింద 6 బిట్లలో, జనరేషన్ పైన పెట్టాను.

క్యూహెడ్:

4002 సరిగ్గా ఉంది, జరిపాకే వచ్చిన విలువ. ఐడీ 1451ని పదింకెల లెక్కలో 64తో భాగిస్తే శేషం 43, ట్యాగ్ 17 కాదు. హెక్స్ అనుకుంటే కింది 6 బిట్లు హెక్స్ 11, అంటే 17, అది కుదురుతుంది. అంటే ట్యాగ్ పదింకెల్లో, ఐడీ హెక్స్‌లో రాస్తున్నారు, చదివేవాళ్లకి అది తెలిసే దారి లేదు. హెక్స్ అంకెలన్నిటికీ ముందు సున్నా-ఎక్స్ గుర్తు వచ్చేలా ఫార్మాట్‌లో హ్యాష్ పెట్టండి. ఆఫ్‌సెట్, పొడవుల పక్కన బైట్లు అని, 38 పక్కన మైక్రోసెకన్లని రాయండి.

పీఆర్_కాంట్ తీసేయండి. రెండు సీపీయూలు ఒకేసారి రెండు క్యూల కంప్లీషన్లు చూస్తుంటే ఒకరి ముక్కల మధ్యలో ఇంకొకరి ముక్కలు పడతాయి. క్యూ2 ట్యాగ్ పక్కన క్యూ3 స్టేటస్ వస్తుంది, చూడటానికి మాత్రం చక్కని లైనులాగే ఉంటుంది. అన్నీ ఒకే డెవ్_ఎర్ కాల్‌లో, చివర న్యూలైన్‌తో ఇవ్వండి. స్టేటస్ మాట, డీఎన్ఆర్ లాంటి పొడవు మారే ముక్కల్ని లైను చివరికి నెట్టేయండి, అంకెల ఫీల్డులు ఎప్పుడూ అదే వరసలో ఉంటే ఆక్ టూల్‌తో కాలమ్ నంబరు చెప్పి లాగగలరు.